బండిలో వంటయింటి వాసన

గడచిన శ్రావణమాసమున ఒకనాటి సాయంకాలము మా చిన్నమ్మాయి బడినుండి వచ్చి, పుస్తకముల సంచి గోడవార దించి, "అమ్మా, మన వంటింటి వాసన మా బండిలో కూడా వస్తుంది తెలుసా?" అనినది. మేమపుడు బియ్యము కడుగుచుంటిమి. పిల్లలు దినమునకు నూఱు మాటలాడుదురు; అందు తొంబది గాలికి పోవును. ఈ మాట మాత్రము మా చేతిలోని గిన్నెను క్రింద పెట్టించినది. ఏ వాసనయని గ్రుచ్చి యడుగగా, "అదే, పాలు పొంగి మంట ఆరిపోతే వస్తుందే, ఆ వాసన. పొద్దున్న డ్రైవరు మావయ్య దుర్గమ్మ పటానికి అగరొత్తి వెలిగిస్తాడుగా, అప్పుడు తెలియదు. తరవాత తెలుస్తుంది" అని తేటతెల్లముగా చెప్పి ఆటకు పరుగెత్తినది.

ఆ వాసనయు, ఆ అగరువత్తియు ఒకేచోట నున్నవని విన్నంతనే మా కాళ్లు చల్లబడినవి. భారతము చదివినవారికి లక్కయింటి కథ తెలియనిది కాదు. వారణావతమున తమకై కట్టించిన యింట నడుగిడినపుడు ధర్మరాజు నేయి, లక్క కలిసిన వాసనను పసిగట్టి భీమసేనునితో చెప్పెను. వారికి విదురుని హెచ్చరిక ముందే యున్నది. మా పిల్లకు విదురుడెవ్వడును లేడు, ముక్కొక్కటే కలదు.

ఆ బండి మా వీధి పిల్లలు ఏడుగురు బడికి పోవు ఓమ్ని వ్యాను. 2019లో దాని తయారీ నిలిచినను అట్టి బండ్లు చిన్న పట్టణములలో ఇంకను తిరుగుచునే యున్నవి. దాని యజమానియే దానిని తోలువాడు. నెమ్మదస్థుడు. పిల్లలను పేరుపేరున పిలిచి, చేయిపట్టి యెక్కించి, చేయిపట్టి దించును. మూడేండ్లలో ఒక్కనాడు ఆలస్యము చేసి యెఱుగడు. అట్టివానిని శంకించుటకు మనసొప్పలేదు, ఊరకుండుటకును ఒప్పలేదు. ఆ రాత్రియే మేమిరువురమును వాని యింటికి పోతిమి. మా యింటివారు ఉపాధ్యాయులు. ఎవ్వరి తప్పునైనను ముందుగా ఎత్తి చూపక, ప్రశ్న వేసి ఉత్తరమునకై వేచియుండుట వారి కలవాటు. వ్యాను వెనుక తలుపు తీయుమని మాత్రమే యడిగిరి.

అతడు తీసెను. చివరి సీటు వెనుక, గోనెపట్టా క్రింద, మన వంటయిండ్లలో నుండు ఎఱ్ఱని సిలిండరు నిలువున నున్నది. త్రాటితో సీటుకాలికి కట్టబడినది. దాని తలనుండి మామూలు రబ్బరు ట్యూబు సీట్ల క్రిందుగా ప్రాకి, ముందు సీట్ల యడుగున నుండు ఇంజనులో చేరినది. ట్యూబు కొసలయందు ఇనుపతీగ మెలిపెట్టి బిగించినారు. పిల్లలు ఆ ట్యూబుమీదనే కాళ్లు పెట్టుకొని కూర్చుండుచుండిరి.

అతడు బొంకలేదు. "మాష్టారూ, రోజుకు ఎనభై కిలోమీటర్లు తిప్పుతాను. పెట్రోలు పోస్తే వచ్చింది దానికీ, బండి అప్పు వడ్డీకీ సరి. షెడ్డులో మెకానిక్కు అందరూ ఇలాగే పెట్టించుకుంటున్నారంటే నేనూ పెట్టించాను" అనెను.

మేము లోనికి పోయితిమి. పెరటి వసారాలో వాని భార్య మూడురాళ్ల పొయ్యిమీద అన్నము వండుచున్నది. వానకు నానిన కట్టెలు. ఊది యూది కన్నులెఱ్ఱబడియున్నవి. గ్యాసు లేదా యని యడిగితిమి. "ఉందమ్మగారూ, నా పేరు మీదే ఉంది. దీపం పథకంలో ఇచ్చారు. మా బండ బండెక్కింది" అని నవ్వినది. సిలిండరును మనవైపున బండ యనుట యెల్లరకు తెలిసినదే. ఆ హాస్యమునకు మేము నవ్వలేకపోతిమి. 1999లో ఆంధ్రప్రదేశమున మొదలిడిన ఆ పథకము ఆడువారి పేరనే కనెక్షను నిచ్చినది పొయ్యి యూదు బాధ వారికి తప్పించుటకే గదా! ఆమెకు ఆ బాధ మఱల వచ్చినది. బండి యింజను మాత్రము పొగలేక సుఖముగా నడచుచున్నది.

మఱునాటినుండి మా పిల్లను ఆ బండి యెక్కింపలేదు. తక్కిన ఆఱిండ్ల తల్లులకును రాత్రికి రాత్రియే తెలిపితిమి. ఉదయము మా యింటి వసారాలో అందఱును చేరిరి. పోలీసులకు చెప్పుదమని ఒకరు, వేఱు బండి చూచుకొందమని ఒకరు, పెట్రోలుతోనే నడపుమని శాసింతమని ఒకరు అనిరి. అపుడు మా యింటివారు, "గ్యాసుతో బండి నడపడం తప్పు కాదు. వంటగ్యాసుతో నడపడం తప్పు. ఈ రెండూ వేరు" అని చెప్పిరి. ఆ భేదము అంతవఱకు మాకును తెలియదు. తరువాతి దినములలో అడిగియు, చదివియు, కన్నులార చూచియు తెలిసికొన్నదానినే సోదరీమణులకొఱకు ఇచట వ్రాయుచున్నాము. మోటారుబండి యంత్రము గృహిణులకేల యనువారు ఆ ట్యూబుమీద ఎవ్వరి పిల్లలు కాళ్లు పెట్టిరో ఒకమాఱు తలంతురుగాక.

మనము గ్యాసనునది ప్రొపేను, బ్యూటేను అను రెండు వాయువుల మిశ్రమము. నేలనూనెను శుద్ధిచేయునపుడును, భూమినుండి వచ్చు సహజవాయువునుండియు లభించును. 1910లో అమెరికాలో వాల్టరు స్నెల్లింగు అను రసాయనశాస్త్రజ్ఞుడు పెట్రోలునుండి ఊరకే ఆవిరియై పోవుచున్న భాగమేదో పరిశీలించి ఈ వాయువులను కనుగొనెను. కొలది ఒత్తిడి పెట్టినచో ఇది నీరువలె ద్రవమగును. ఒత్తిడి విడిచినచో ఒక లీటరు ద్రవము సుమారు 250 లీటర్ల వాయువై విజృంభించును. స్వతహాగా దీనికి వాసన లేదు. కారినపుడు మనకు తెలియుటకై మెర్కాప్టాను అను దుర్వాసన ద్రవ్యమును బుద్ధిపూర్వకముగా కలుపుదురు. మా పిల్ల ముక్కునకు తగిలినది అదియే.

ఇది గాలికన్న బరువైనది. కారినచో పైకెగసి పోక నేలబారున ప్రాకి పల్లమున నిలుచును. అందుచేతనే వంటయింట వాసన వచ్చినపుడు తలుపులన్నియు తెఱవవలెననియు, స్విచ్చి వేయరాదనియు, తీయను రాదనియు చెప్పుదురు. అద్దములు మూసిన బండిలో అది పోవుటకు త్రోవ యేది? గాలిలో నూటికి రెండు పాళ్లు చేరినంతనే నిప్పురవ్వకు అంటుకొనును. మా యింటివారు కాగితముమీద లెక్కవేసి, అట్టి వ్యానునిండ ఆ పాలు చేరుటకు అరలీటరు ద్రవము కారిన చాలునని చూపిరి. అరలీటరనగా ప్రొద్దుట మనము తెప్పించుకొను పాలపొట్లమంత.

ఇక వంటయింటి సిలిండరు దోషమేమన్నచో, దానియందు దోషము లేదు. అది తన చోట నుండవలెను, అంతియే. 14.2 కిలోల గ్యాసుతో కదలక మెదలక నిలువుగా నుండి, చిన్న మంటకు చాలినంత వాయువును మెల్లగా విడుచుటకది చేయబడినది. బండిలోని కుదుపులు, ఎండ, ఇంజను వేడి, వెనుకనుండి తగులు లారీ, వీనినెల్ల తలంచి దానిని చేయలేదు. ట్యూబు తెగినచో ప్రవాహమును తనంతట నాపు కవాటము దానికి లేదు. బండి బోల్తాపడి యింజను నిలిచినను అది గ్యాసును పంపుచునే యుండును. పైగా 2000 సంవత్సరపు ప్రభుత్వపుటుత్తరువు ననుసరించి గృహావసరమునకిచ్చిన గ్యాసును వంటకుదప్ప వేఱు పనికి వాడుట నేరము. ఐనను కిలోలెక్కన చూచినచో ఇంటిగ్యాసే చౌక గనుక జనులకాశ పుట్టుచున్నది. కొందఱు ఇంటి సిలిండరును తలక్రిందు చేసి బండితొట్టిలోనికి వంపుదురట. అది యింకను ఘోరమైన పని.

పెట్రోలు కఱవైనపుడు మఱియొక యింధనమును వెదకుట నేటి మాట కాదు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున బొగ్గుబస్సులు నడచిన సంగతి కీర్తిశేషురాలగు మా అమ్మమ్మగారు మాకు చెప్పుచుండిరి. బస్సు వెనుక పీపావంటి పొయ్యి, దానినిండ బొగ్గు, క్లీనరు చక్రము త్రిప్పి గాలి యూదును. ఒక గంట ఊదినపిమ్మట వచ్చు వాయువుతో బస్సు కదలును. మిట్ట వచ్చినచో మగవారందఱును దిగి త్రోయుదురు. ఆడువారు దిగనక్కఱలేదట, ఆ మర్యాద మాత్రముండెను. ఊరు చేరునప్పటికి తెల్లచీరలు బూడిదరంగునకు తిరిగెడివి. యుద్ధము ముగిసి పెట్రోలు దొరకుటతోడనే ఆ పీపాలు పోయినవి. తరువాత వచ్చిన యీ ద్రవగ్యాసు మాత్రము నిలిచినది. ఇటలీ, హాలండు దేశములలో కార్లకు దీనిని వాడుట దశాబ్దులనాటి యాచారము. జపానులో టాక్సీలు పెక్కేండ్లుగా దీనితోనే తిరిగినవి. నేడు ప్రపంచమున రెండు కోట్లకు మించిన బండ్లు దీనితో నడచుచున్నవి; తురుష్కదేశము అందు మొదటి వరుసలోనిది. మనదేశమున 2000 సంవత్సరమున మోటారు వాహనముల చట్టమును సవరించి దీనిని అనుమతించిరి; 2001లో నియమములతో కూడిన ఉత్తరువు వచ్చినది. 2006లో మారుతీవారు వ్యాగన్ ఆర్ కారును పెట్రోలు, గ్యాసు రెంటితోను నడచునట్లు కర్మాగారముననే చేసి యమ్మిరి. హైదరాబాదు వీధులలో దీనితో నడచు ఆటోలను చూడనివారుండరు. కావున మా వ్యానువాడు కోరిన కోరిక తప్పు కాదు. పట్టిన త్రోవ తప్పు.

వసారాలో మూడుదినములు చర్చ జరిగినది. వాని చేత నున్న డబ్బు సున్న. ధర్మమార్గమున గ్యాసు కిట్టు అమర్చుటకు 28,000 రూపాయలగునని బెజవాడలోని యొక వర్కుషాపువారు చెప్పిరి. ఒక యింటివారు తమ పిల్లవానిని మానిపించుకొని వేఱు ఆటోలో పంపుకొనిరి; వారినేమియు ననలేము. మిగిలిన ఆఱిండ్లవారము పిల్లకు నెలకిచ్చు 1,500 రూపాయల వంతున రెండు నెలల బాడుగ ముందుగా నిచ్చితిమి. 18,000 పోగైనది. తక్కిన 10,000 వాని భార్య డ్వాక్రా సంఘమున అప్పు తెచ్చినది. తన పొయ్యి తనకు వచ్చునన్న యాశతో ఆమె సంతకము పెట్టిన వేగమును చూచి మాకాశ్చర్యమైనది. మాష్టరుగారు ఒక్క నియమము పెట్టిరి: కాగితములన్నియు చూచిన తరువాతనే పిల్లలెక్కుదురు.

పిల్లలు కూర్చుండు బండి గనుక మేమును చూచి వత్తుమని ఆదివారమునాడు వ్యానులోనే, పెట్రోలుతో, బెజవాడకు పోతిమి. అతడు, అతని భార్య, మేమిరువురము. వర్కుషాపువాడు ముందు మా ముఖములు చూచి, "అమ్మగార్లు కూర్చోండి, టీ తెప్పిస్తాను" అనెను. టీ త్రాగి, పనియు చూచితిమి.

మొదట అతడు గ్యాసు మాట యెత్తలేదు. ఇంజను బలమును పరీక్షించెను. గాలివడపోత మార్చెను, ప్లగ్గులు తీసి చూచి, రెండు పనికిరావనెను. గ్యాసు అంటుకొనుటకు పెట్రోలుకన్న గట్టి రవ్వ కావలెనట. ఇంజను అరిగి చమురు త్రాగుచున్న బండికి గ్యాసు పెట్టుట డబ్బు నేల పోయుట యని నిష్కర్షగా చెప్పెను. ఆ మాటతో అతనిమీద మాకు గుఱి కుదిరినది.

తరువాత తొట్టి తెచ్చిరి. దళసరి ఉక్కుతో చేసినది. దానిమీద తయారైన నెల, సంవత్సరము, పరీక్షించిన గుఱుతులు చెక్కబడియున్నవి. కొన్ని కార్లలో స్టెప్నీ చక్రము పెట్టుచోట ఇముడునట్లు గారెవలె గుండ్రముగా, నడుమ బెజ్జముతో నుండు తొట్లును కలవు. వ్యానునకు పీపావంటిదే తగును. ఉక్కుపట్టెడలతో, నేలకు బోల్టులు దించి, రెండు చేతులతో లాగినను కదలనట్లు బిగించిరి. ఇది 40 లీటర్ల తొట్టి. ఐనను 32 లీటర్లు చేరగనే నింపుడు తనంతట నిలిచిపోవును. అయిదవవంతు ఖాళీ యేలయని మేమడిగితిమి. ఎండకు ద్రవము పొంగునమ్మా, పొంగుటకు చోటుండవలెనని చెప్పెను. ఊరగాయజాడీని అంచువఱకు నింపని మనకు ఇది వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఆ తొట్టి మూతివద్ద నున్న కవాటముల గుంపే యీ కథకు ప్రాణము. ఒకటి, గొట్టము తెగి గ్యాసు ఒక్కమాఱుగా దూకబోయినచో మూసికొనును. ఒకటి విద్యుచ్ఛక్తితో పనిచేయును. ఇంజను తిరుగుచున్నంతసేపే తెఱచియుండి, నిలిచిన క్షణమున మూతపడును. ఒకటి, తొట్టిలో ఒత్తిడి మితిమీఱినచో కొంచెము కొంచెముగా బయటికి విడిచి తొట్టి ప్రేలకుండ కాపాడును. మన కుక్కరుమీది సేఫ్టీవాల్వు చేయు పనియే. ఇది లేనిచో నేమగునో ఫ్రాన్సుదేశమువారు కష్టపడి నేర్చుకొనిరి. 1999లో లియాను నగరము చెంత వెనిస్యూలో మంటలలో చిక్కిన ఒక కారు గ్యాసుతొట్టి ప్రేలి, ఆర్పవచ్చిన అగ్నిమాపకదళమువారు తీవ్రముగా గాయపడిరి. ఆ తొట్టికి ఈ కవాటము లేదు. అటుపిమ్మట అచట దీనిని తప్పనిసరి చేసిరి. ఈ కవాటములన్నింటిమీద గాలిచొరని పెట్టె యొకటి బిగించి, దానినుండి లావుపాటి గొట్టమును నేలగుండ బయటికి విడిచిరి. ఏది కారినను రోడ్డుమీదికి పోవలెను గాని బండిలోనికి రారాదు.

తొట్టినుండి యింజనుకు పోవునది రబ్బరు ట్యూబు కాదు, పైపూతగల రాగిగొట్టము. అది పిల్లల కాళ్లక్రింద గాక బండి యడుగున, వెలుపల, సైలెన్సరు వేడి తగులకుండ కొక్కెములతో పట్టి తీసికొనిపోబడినది. అందు ప్రవహించునది వాయువు గాదు, ద్రవము. దానిని ఇంజనుచెంత వాయువుగా మార్చు గిన్నె యొకటి కలదు. పెండ్లివంటలలో పెద్ద పొయ్యిలు వెలిగించినపుడు సిలిండరు చెమర్చి, తుదకు మంచుగట్టుట చూచియే యుందుము. ద్రవము వాయువగునపుడు చుట్టునున్న వేడిని పీల్చుకొనును. అట్లే ఆ గిన్నెయు గడ్డకట్టిపోవును గనుక రేడియేటరు వేడినీటిని దానిచుట్టు త్రిప్పుదురు. ఉదయము నీరు చల్లగా నుండును. అందుచేత బండిని పెట్రోలుతో కదలించి, వేడెక్కిన పిమ్మట గ్యాసునకు మార్చవలెను. స్టీరింగు ప్రక్కన దానికొక స్విచ్చి, తొట్టిలో నెంత మిగిలినదో చూపు చిన్న దీపములు అమర్చిరి. పెట్రోలుతొట్టి తీసివేయబడదు; అందు ఎల్లపుడును కొంత యుండవలెను. గ్యాసు వచ్చినదిగదా యని దానిని ఎండబెట్టువారి బండ్లు దారిలో నిలుచును.

పని ముగియునప్పటికి సాయంకాలమైనది. తుదకు సబ్బునురుగు తెచ్చి ప్రతి కీలుకును పూసి బుడగలు లేచునేమో చూచిరి. ఒకచోట ఒక చిన్న బుడగ లేచినది. బిగించి మఱల పూసిరి, లేవలేదు. ఆ యొక్క బుడగను చూచుటకే మేమంత దూరము పోయితిమేమో యనిపించినది. వ్యానువాడు ఆ బుడగవంక చాలసేపు చూచి, "నా ట్యూబుకు ఇలా పూసుంటే ఎన్ని లేచేవో మాష్టారూ" అనెను. ఎవ్వరును బదులు చెప్పలేదు.

కాగితముల సంగతి విసుగు పుట్టించునదే గాని దాటవలనుపడదు. కిట్టు మన బండి తరగతికి ప్రభుత్వాంగీకారము పొందినదని చూపు ధ్రువపత్రము, తొట్టి పరీక్షాపత్రము, అమర్చినవారి రసీదు, ఈ మూడును తీసికొనవలెను. మార్పు జరిగిన 14 దినములలోపల రవాణాకార్యాలయమునకు తెలిపి, బ్రేకు ఇనస్పెక్టరు బండిని చూచిన మీదట ఆర్.సి. పుస్తకమున ఇంధనపు పేరు మార్పించుకొనవలెను. భీమా కంపెనీకి తెలిపి కొలది రుసుము కట్టి పాలసీలో వ్రాయింపవలెను. లేనిచో ప్రమాదమునాడు పరిహారము చిక్కుపడును. అయిదేండ్లకొకమాఱు తొట్టిని పరీక్షింపింపవలెను. క్రొత్తగా వచ్చిన భారత్ స్టేజి ఆఱు ప్రమాణముల పెట్రోలు బండ్లకును ఇట్టి మార్పును 2022లో అనుమతించిరి. ఇందులో మా వ్యానువాని కన్నిటికంటె కష్టమైనది రవాణాకార్యాలయపు బల్లమీద గూర్చుండి రెండు పూటలు పోగొట్టుకొనుట. ఆ రెండు పూటలును మా యింటివారు తమ సెలవుదినములలో వానితోనే కూర్చుండిరి.

ఇంతకు లాభమేమని అడుగుట న్యాయము. లీటరు పెట్రోలుకు 14 కిలోమీటర్లు నడచిన బండి లీటరు గ్యాసునకు 11 మాత్రమే నడచుచున్నది. గ్యాసు లీటరు తేలికైనది, అందు శక్తి తక్కువ. కావున గ్యాసు వెల పెట్రోలు వెలలో నూటికి 78 పాళ్లకు లోబడియున్నపుడే లాభము. వెలలు మారుచుండును గనుక ఎవ్వరికి వారు తమ యూరి ధరలతో గుణించి చూచుకొనవలెను. మా ప్రాంతమున ప్రస్తుతము బాగుగా లోబడియే యున్నందున, ఎనిమిది నెలలలో పెట్టుబడి తీఱునని వాని లెక్క. నెలకు 2,000 కిలోమీటర్లు తిరుగు బండి గనుక సరిపోయినది. వారమునకొకమాఱు గుడికిని, నెలకొకమాఱు పుట్టింటికిని పోవు కారునకు ఇంత ఖర్చు తగదని మా యభిప్రాయము. మా అన్నగారు తమ కారునకు పెట్టింతునని వ్రాయగా వలదనియే జాబు వ్రాసితిమి. వారి యూరికి నలుబది కిలోమీటర్లలో గ్యాసుబంకు లేదు. మా కదృష్టవశమున ఆఱు కిలోమీటర్ల దూరమున, పెద్దరోడ్డుమీద నొకటి కలదు. పైగా సామాను పెట్టుకొను చోటు తొట్టికి పోవును. మిట్టలెక్కునపుడు బండి కొంచెము బద్ధకించును. గ్యాసుమంట పొడి మంట యగుటచే కొన్ని యింజనులలో వాల్వుల ఆసనములు త్వరగా అరుగును. ఇంజనులో మసి తక్కువ, చమురు తేటగా నుండుననుట నిజమే.

వ్యాను పదునొకండు దినములు నిలిచినది. ఆ దినములలో మా యింటివారు ఇద్దఱు పిల్లలను స్కూటరుమీద దింపివచ్చిరి. తక్కినవారు ఆటోలలో పోయిరి. వంటసిలిండరును ఆ షెడ్డువాడు బిగించిన తీరునుగూర్చి మా యింటివారు స్వయముగా పోయి చెప్పివచ్చిరి. అతడు తల యూపెనట. విన్నాడో లేదో తెలియదు. ఇంకెన్ని బండ్లలో గోనెపట్టాల క్రింద ఎఱ్ఱ సిలిండర్లున్నవో అదియు తెలియదు. మా వీధి తల్లులు మాత్రము ఇపుడు ఏ బండియందు పిల్లలనెక్కింపవలసివచ్చినను ముందుగా వెనుక తలుపు తీయించుచున్నారు. కొందఱు డ్రైవర్లు విసుగుకొనుచున్నారు.

వాని భార్య సిలిండరును గ్యాసు కంపెనీ మనిషి వచ్చి పరీక్షించి, వాల్వులోపలి రబ్బరు ఉంగరము అరిగిపోయినదని చెప్పి మార్చి వేఱొకటి యిచ్చెను. పిల్లలు ఏడాదిగా పీల్చిన వాసన అచటినుండి వచ్చినదే కావలయును. క్రొత్త సిలిండరు వెలిగించినదినమున ఆమె చక్కెరపొంగలి వండి ఆఱిండ్లకును పంచినది. డ్వాక్రా కిస్తీ మొదటిది కట్టినానని కూడ చెప్పినది.

వ్యానులో దుర్గమ్మ పటము అట్లే యున్నది. అగరువత్తి వెలిగించుట మానినాడు, మందారపూవు పెట్టుచున్నాడు. మా చిన్నమ్మాయి మాత్రము ప్రతిదినమును బండి యెక్కగనే ఒకమాఱు గట్టిగా ముక్కెగబీల్చి చూచి, ఆ తరువాతనే కూర్చుండునట.